తుమ్మచెట్టు మూలన మిగిలిన కొర్ర

మా చిన్నమ్మ లూదియాది నంద్యాల. ఆమెను ఆళ్ళగడ్డకు ఇచ్చారు. చదువు రాకపోయినా బైబిలు వాక్యం విని విని నోటికి వచ్చు. మా అమ్మ చనిపోయాక ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాని నేను ఆమె ఇంటికి చేరాను. మాట్లాడమని ఆమె నన్నెప్పుడూ బలవంతపెట్టలేదు. పక్కన కూర్చుని చూస్తూ ఉండనిచ్చింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

1956 వానకారులో చిన్నాయన కొండయ్యకు విషజ్వరం వచ్చింది. నంద్యాల ఆసుపత్రిలో నెల రోజులు ఉన్నాడు. జ్వరం తగ్గింది గానీ మనిషి లేవలేదు. ఇక జబ్బేమీ లేదు, లేచి తిరగాలి అని చెప్పి డాక్టరు పంపించాడు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు మెతుకులు తిని చాలనేవాడు. భోజనానికి ముందు ప్రార్థన చేసేది ఎప్పుడూ ఆయనే. అదీ మానేశాడు. చిన్నమ్మ ఆయన బదులు చేయలేదు. కళ్ళు మూసుకొని, ఆయన మొదలుపెడతాడేమోనని కాసేపు ఆగి, తర్వాత మమ్మల్ని తినమనేది.

అంతలో కొర్ర కోతకు వచ్చింది. ఏటా చేనులో తుమ్మచెట్టు మూలన ప్రార్థన చేసి, మొదటి కట్ట అక్కడే కోసి, కోత పండుగకు నంద్యాల చర్చికి తీసుకుపోవడం వాళ్ళ ఆనవాయితీ. ఆ ఏడు కొడవలి చిన్నమ్మ పట్టింది. మొదటి పిడికిలి పట్టుకోగానే ఆమె కాళ్ళ దగ్గర నుంచి పూరేడు పిట్ట బుర్రుమని లేచింది. నేను వంగి చూసి ఆమె మోచెయ్యి తట్టాను. కొర్ర మొదళ్ళ నడుమ చిన్న గుంటలో మచ్చల గుడ్లు, తొమ్మిది. చిన్నమ్మ మెల్లగా వెనక్కి జరిగి, అవతలి గట్టు నుంచి కోత మొదలుపెట్టింది.

పక్క చేను ఓబులేసు ఎద్దులతోనే మా చేను దున్నేది. ఆ మూల కోయకుండా వదిలేయడం చూసి నవ్వాడు.

"ఏం లూదియమ్మా, పిట్టకు కౌలుకిచ్చినావా?"

"గుడ్లు పెట్టిందన్నా. పిల్లలయ్యేదాకా."

"మీ దేవుడు అడివిలో జనానికి పూరేళ్ళు కురిపిచ్చినాడంటివే మొన్న. వండుకోమనే కదా ఆ లెక్క?"

"తల్లిపిట్టను పట్టొద్దని చెప్పింది గూడా ఆయనే. ఇడిసిపెడితే మేలవుతాదన్నాడు."

"మేలు సంగతి నాకు తెల్దు. అదును పోతే కొర్ర ఎనక జొన్న మొలవదు."

"ఆ మూల ఇడిసి దున్నన్నా."

ఆ సాయంత్రం ఆమె చిన్నాయన మంచం దగ్గర నిలబడింది.

"ఇదో, చేన్లో కుక్కలు తిరుగుతాండాయి. నాకు కోతుంది. పొద్దన పోయి ఆ గూడు కాయి."

"నిలబడనీకే శక్తి లేదు నాకు."

"నిలబడమని ఎవరు చెప్పిరి? కూసోమంటాండా."

మర్నాడు ఆమె భుజం పట్టుకొని నడిచాడు. తుమ్మచెట్టు కింద గొంగడి పరిచి కూర్చోబెట్టాము. మొదటి రోజు నిద్రపోయాడు. రెండో రోజు ముంగిసను రాయి వేసి తరిమాడట. నాలుగో రోజు ఇంటికి వచ్చి, "ఆ పిట్ట నన్ను చూసి గూడా లేయలేదు లూదియా," అన్నాడు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. వేరే చోట కట్ట కోసుకుపోవచ్చు కదా అనుకున్నాను గానీ అడగలేదు. చిన్నమ్మ నా ముఖం చూసి, "ప్రార్థన చేసిన మూల అదే పాపా. దేవునికేం తొందర?" అంది. పెళ్ళయ్యాక ఆమె ఆ పండుగకు పోకపోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం సంగటి ముందు ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాము. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, ఆ పిట్ట ఆకలికోర్చుకొని గుడ్ల మీద కూసోనుంది. నేను గోడ చూసుకుంటా పండుకుంటి. క్షమించు. నల్లమల మీద నీ పొద్దు లేసేది నాకు మళ్ళా చూపిచ్చినావు. నీకు స్తోత్రం."

ఆమేన్ అన్నాక కూడా చిన్నమ్మ చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఆయన రెండో ముద్ద అడిగాకే తెరిచింది.

మంగళవారం పిల్లలయ్యాయి. బొటనవేలంత పిల్లలు తల్లి వెంట గట్టు దాటి పోతుంటే చిన్నాయన మాట్లాడొద్దని మాకు సైగ చేశాడు. ఒక గుడ్డు మాత్రం అట్లే ఉండిపోయింది. తర్వాత ఆయనే కొడవలి తీసుకొని, రెండుసార్లు కూర్చుని లేచి, ఆ మూల కోశాడు. పిచ్చుకలు సగం తినిపోయాయి. కట్ట బక్కగా వచ్చింది.

బుధవారం బస్సెక్కి ముగ్గురమూ నంద్యాల పోయాము. పాస్టరు సుందరరాజు అయ్యగారు చర్చి తలుపు దగ్గర మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"అమ్మా లూదియా, పండుగ ఆదివారమే అయిపోయింది కదా. అందరూ తెచ్చిన పంట కానుకల వేలం కూడా అయిపోయింది."

"మాది నిన్న అయింది అయ్యగారూ," అన్నాడు చిన్నాయన. "ఎనిమిది పిల్లలు."

అయ్యగారికి అర్థం కాలేదు. లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. చిన్నాయన కట్ట ఆయన చేతికిచ్చి మొదటి నుంచి చెప్పసాగాడు. గుడ్ల మీది మచ్చలు, ముంగిస, తెల్లవారేటప్పుడు నల్లమల రంగు, ఏదీ వదల్లేదు. చిన్నమ్మ కుర్చీ చిన్నాయన వైపు జరపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన అంతా నిలబడే చెప్పాడు.