సగం గోలీలు

మా అవ్వకు సగం గోలీ వేసుకోమని చెప్పింది నేనే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అవ్వకు తప్ప.

అవ్వ అంటే మా నాయిన తల్లి. మా దిక్కు కన్నతల్లినీ అవ్వా అనే అంటారు, నాయినా అట్లే పిలుస్తాడు. మాది దేవరకొండ దిక్కు మెట్ట ఊరు. బోరు వేస్తే నీళ్లకంటే ముందు దుమ్ము లేస్తుంది. ఆ నేల మీద పిల్లల్ని సాకిన మనిషికి ఏదీ పారేయడం చేతకాదు. చింతపండు పులుసుకు పిసికాక ఆ పిప్పితో రాగి బిందె తోమేది. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, గిన్నెలు కడిగిన నీళ్లు సొరపాదుకు. నూనె ప్యాకెట్ అయిపోతే దాన్ని నిలువునా కత్తిరించి, లోపలి జిడ్డును జొన్నరొట్టెతో తుడిచి నా చేతిలో పెట్టేది. అంత రుచిగల రొట్టె నేను మళ్లీ తినలేదు, ఆ సంగతి వేరు.

ఆమె పొదుపంతా సగంలో ఉండేది. కొత్త సబ్బును దారంతో రెండు ముక్కలు కోసి ఒకటి దాచేది. చక్కెరైనా, కొబ్బరినూనైనా ముందు సగమే. "సగంతోటి ఎల్లుతదేమో సూడు బిడ్డా. ఎల్లకపోతే ఉన్న సగం యాడికి పోతది?" అనేది. ఎల్లడమంటే సరిపోవడం. నేను షాంపూ ప్యాకెట్ మొత్తం పిండుకుంటే, "ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి" అని వాకిట్లో అందరికీ వినబడేలా దెప్పేది. నాకు ఒళ్లు మండేది. తీరా నల్లగొండలో ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, షాంపూ సగం వాడి ప్యాకెట్ మూతికి బట్టల క్లిప్పు పెట్టాను. అవ్వకు ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వింది.

కరోనాకు బడి మూతపడి ఊరికి వచ్చేశాను. అవ్వకు బీపీ ఉంది. నెలనెలా గోలీలు తెచ్చేది నేనే. బస్సులు బందయ్యాయి. నాయిన రెండుసార్లు బండి మీద బయలుదేరి, రెండుసార్లూ పోలీసులు ఆపితే సగం తోవ నుంచే తిరిగొచ్చాడు. డబ్బాలో గోలీలు అయిపోవస్తున్నాయి. అవ్వకు ఫికరే లేదు, ఫికరంతా నాదే. చదువుకున్నదాన్ని కదా, ఉపాయం చెప్పాను.

"అవ్వా, బస్సులు నడిచేదాక సగం సగం ఏస్కో. ఎల్లుతదేమో సూద్దాం."

ఆమె మాటే ఆమెకు అప్పజెప్పాను. ఇన్నేళ్లకు ఇంట్లో ఒకరికి బుద్ధి వచ్చిందన్నట్టు నా వైపు చూసి, ఆ రోజే కత్తిపీట మీద గోలీ పెట్టి విరిచింది.

బస్సులు నడిచాయి. నేను గోలీలు నిండుగా తెచ్చి ఆమె ఒడిలో పోసి, "ఇగ దండిగున్నయ్ అవ్వా" అన్నాను. ఇక మొత్తం గోలీ వేసుకో అని మాత్రం అనలేదు. అనాలని తోచనేలేదు. అవ్వకు తల తిరగలేదు, కళ్లు బైర్లు కమ్మలేదు. అంటే ఆమె లెక్కలో సగం ఎల్లింది. ఆ తర్వాత నేను నల్లగొండ నుంచి ఎప్పుడు అడిగినా "ఇంకా ఉన్నయి బిడ్డా, తేకు" అనేది. మా అవ్వ గోలీలు కూడా పొదుపుగా వాడుతుందని తోటి టీచర్లకు గొప్పగా చెప్పుకున్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, నా చెవికి మాత్రం ఎక్కలేదు.

రెండేళ్లకు ఒక పొద్దున నల్లా దగ్గర అవ్వ చేతిలోంచి చెంబు జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. మూతి పక్కకు పోయింది. నల్లగొండ దవాఖానకు తీసుకొచ్చేసరికి మాట కూడా పోయింది. రోజూ గోలీ వేసుకుంటుందా అని డాక్టరమ్మ అడిగితే, "ఒక్కనాడు కూడ తప్పది" అని అమ్మ ఒట్టు పెట్టుకుంది. ఏ గోలీలో చూపించమంటే నాయిన ఊరికి పోయి డబ్బా తెచ్చాడు. మూత తీస్తే అన్నీ సగం ముక్కలు. ఎండకు రంగు మారిన ముక్కలు, కాగితంలో పొట్లం కట్టిన ముక్కలు, దాచుకున్నవి దాచుకున్నట్టే ఉన్నాయి.

నాయిన మంచం పక్కన నిలబడి, "ఎవలు చెప్పిండ్రు అవ్వా నీకు సగం మింగుమని?" అని అరిచాడు. అవ్వ కళ్లు నా వైపు తిరిగాయి. నేను గ్లూకోజు సీసాను చూస్తూ నిలబడ్డాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. ఇంటికి తెచ్చాక మొత్తం గోలీ నోట్లో పెడితే సగం కొరికి, మిగతా సగం నాలుకతో బయటికి తోసేది. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. చివరికి అమ్మ నూరి జావలో కలిపి పోయడం మొదలుపెట్టింది. మాటలు పలికిస్తూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో టీచరును నేనే కాబట్టి ప్రతి ఆదివారం వచ్చి పక్కన కూర్చుని నీళ్లు, అన్నం, బర్రె అని పలికించేదాన్ని. అవ్వకు మాట రావాలని యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాను. వస్తే మొదట నా పేరే చెబుతుందేమోనని మొక్కుతూనే భయపడ్డాను. ఏ కోరిక తీర్చాలో ఆ దేవుడికి కూడా తెలిసి ఉండదు.

మొన్న ఎండాకాలం పాలమూరు నుంచి మేనత్త వచ్చింది. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ముక్కు చీదుకుంటూ, "గోలీలల్ల గూడ పిసినారితనమేందే అవ్వా? నీకు గీ తెలివి ఎవలు జెప్పిండ్రు?" అని అడిగింది. గుమ్మంలో నాయిన ఉన్నాడు. నేను జావ గిన్నె పట్టుకుని పక్కనే ఉన్నాను.

అవ్వ పెదాలు కదిలాయి. ఆమె ఎడమచెయ్యి మెల్లగా లేపి తన రొమ్ము మీద పెట్టుకుంది.

"నే... నే" అంది. కాస్త ఆగి, కూడబలుక్కుని, "నేనే" అంది.

"మొండిది. ఎవలి మాట ఇన్నది గనుక" అంది మేనత్త కళ్లు తుడుచుకుంటూ. నాయిన తలూపి బయటికి పోయాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పక్షవాతం అవ్వకు వచ్చింది, నాకు కాదు. అయినా నోరు పెగల్లేదు.