చాయ్ తాగని అప్పులాయన

మాకు మొదట గిరిగిరి అప్పు ఇచ్చిన మనిషి చాలా కలుపుగోలు మనిషి. రోజూ మా ఇంట్లో చాయ్ తాగేవాడు. గిరిగిరి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఐదు వేలు అని రాసుకుని, నాలుగు వేల మూడు వందలు చేతిలో పెట్టి, రోజుకు యాభై చొప్పున నూరు రోజులు ఇంటికే వచ్చి వసూలు చేసుకునే సౌకర్యం అది. మేడ్చల్‌లో మా వీధికి పాలవాడు ఎప్పుడైనా నాగా పెట్టేవాడేమో కానీ ఇతను పెట్టలేదు. నా కుట్టుమిషన్ బల్ల మీదే గ్లాసు పెట్టి, "అల్లం మంచిగ దంచినవ్ చెల్లె. గిట్లాంటి చాయ్ మా ఇంట్ల గుడ దొరకది" అనేవాడు. ఆ బల్ల మీది గుండ్రటి మరకలన్నీ ఆ అన్నగారి ఆప్యాయతే.

అప్పుడే జీడిమెట్లలో మా ఆయన పనిచేసే కంపెనీకి తాళం పడింది. నేను చీరలకు ఫాల్స్, జాకెట్లు కుడితే వచ్చేదే మా నలుగురికీ ఆధారం. నలుగురిలో ఏడు నెలల పాప ఒకతె. తొమ్మిది రోజులు వరసగా యాభై ఇవ్వలేకపోయాను. పదో రోజు అతను చాయ్ తాగాడు, ఇంకో సగం గ్లాసు అడిగి పోయించుకున్నాడు, మూతి తుడుచుకుని మిషన్‌ను ఆటోలోకి ఎక్కించాడు.

"మూడు వేలు దెచ్చి తీస్కపో చెల్లె. నా దుకాన్ల పైలంగ ఉంటది."

భద్రంగానే ఉంచాడు. అటు వెళ్లినప్పుడల్లా అతని భార్య దాని మీద కుట్టుకుంటూ కనిపించేది.

ఇంట్లో చర్చ జరిగింది. మా అత్త శామీర్‌పేట దగ్గరి ఎకరం గురించి ఏడ్చింది. మామయ్య బతికుండగా బోరు అప్పు కోసం దాన్ని అమ్మేశాడు. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు పాతారు. బస్సు అటు వెళ్లినప్పుడల్లా అత్త కళ్లు మూసుకుంటుంది. మిషన్ సంగతి మాత్రం తేలలేదు.

తేల్చింది పక్క పోర్షన్‌లో ఉండే, గాజులు అమ్మే అక్క. ముస్లింలు వాళ్లు. నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం మా ఇంట్లోనే చాయ్ తాగేది. ఆమె కోసమని మా అత్త ఒక స్టీలు గ్లాసు కేటాయించింది. అది కిటికీలో బోర్లించి ఉండేది, మిగతా గ్లాసులతో కలిసేది కాదు. మా ఇంట్లో దాన్ని శుభ్రత అనేవాళ్లం.

"గింతదానికి పరేషాన్ ఎందుకు? మా మజీదు పక్క కమ్రల సొసైటీ ఉంది. వడ్డీ లేకుంట ఇస్తరు. జామీను నేనుంట," అంది.

"మీవోళ్లకే ఇస్తరు గావచ్చు," అంది అత్త.

"గరీబోళ్లకిస్తరు అత్తమ్మా. నువ్వు గరీబుదానివి గాదంటే జెప్పు, ఊకుంట."

మా ఆయన మాత్రం, "వడ్డీ లేకుంట ఎవడిస్తడు? ఏదో మతలబ్ ఉంటది" అన్నాడు. ఉద్యోగం పోయిన దగ్గర నుంచి ఆయనకు డబ్బు విషయాల్లో ముందుచూపు బాగా పెరిగింది.

నేను బీకాం. మూడేళ్లు వడ్డీ లెక్కలే చదివాను కాబట్టి సొసైటీ వాళ్ల ఫారంలో వడ్డీ గడి కోసం వెతికాను. లేదు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాల కోసం వెతికాను. వెనక తెల్లగా ఉంది. బల్ల అవతల రిటైరైన ఉర్దూ మీడియం మాస్టరు కూర్చుని ఉన్నాడు.

"ఏం దేవులాడుతున్నవమ్మా?"

"వడ్డీ ఎంతండీ?"

"మాకు వడ్డీ దినుడు హరాం. మీ పక్కింటామె లెక్క మస్తు మంది పదీ ఇరవై ఈడ దాస్కుంటరు. గవే నీకిస్తున్నం, తిరిగిస్తే ఇంకొగలకు పోతయ్. కాయిదం ఖర్చు ఐదు రూపాయలియ్యి. నెలకు మూడొందలు, పది నెలలు. పసిపిల్లతోని నువ్వు రాకు, నేనే వస్త."

ఆ సాయంత్రమే మిషన్ ఇల్లు చేరింది.

మొదటి నెల మాస్టరు పాత మోపెడ్ మీద వచ్చాడు. అల్లం దంచి చాయ్ పెట్టాను. వద్దన్నాడు. రెండో నెలా వద్దన్నాడు. మూడో నెల మంచినీళ్లు కూడా గుమ్మం బయట కుళాయి దగ్గర దోసిలితో తాగాడు.

"మనింట్ల తాగితే ఆయనకేం మైల అంటుతదట?" అని అత్త మండిపడింది. నేనూ మండిపడ్డాను. మనుషుల్ని ఇలా దూరం పెట్టేవాళ్లంటే నాకు చదువుకునే రోజుల నుంచీ పడదు. ఇదంతా ఆ కిటికీ పక్కనే నిలబడి మాట్లాడుకున్నాం.

ఆరో నెలలో పాపకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు దిగలేదు. అప్పటి నుంచి నాకు రాత్రుళ్లు సగం నిద్రే. ఇప్పుడు ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మూడు వందలూ మందులకు పోయాయి. మాస్టరు వచ్చేసరికి చాయ్‌తో పాటు ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు కూడా పెట్టాను. మిషన్ కోసం పెట్టిన బిస్కెట్లు అవి.

"గిప్పుడొద్దమ్మా," అన్నాడు. పాప నుదురు తాకి చూశాడు. పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

చాయ్ తాగినవాడే మిషన్ పట్టుకుపోతే, తాగనివాడు ఏం చేస్తాడు? ఆటో శబ్దం వినిపిస్తే చాలు, గుమ్మంలోకి పరుగెత్తి చూసేదాన్ని. మూడో రోజు ఇక తట్టుకోలేక, మా ఆయన చేత మిషన్ మోయించి పక్కింట్లో మంచం వెనక దాయించి, పైన దుప్పటి కప్పాను. డిగ్రీ చదువు ఇలాంటప్పుడే అక్కరకు వస్తుంది.

గాజుల అక్క బజారు నుంచి వచ్చి దుప్పటి ఎత్తి చూసింది. గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏం సదివినవే పిల్లా! నువ్వు కట్టకపోతే వాళ్లు ముందుగాల వచ్చేది నా ఇంటికి! జామీను నేను! దాసెటందుకు గీ ఇల్లే దొరికిందా?"

"మరి పుస్తకంల ఏదో రాసుకున్నడక్కా!"

"పోరికి బుకారు, వచ్చే నెల సూద్దాం అని రాసిండు. నాకు జెప్పిండు. పా, లేపు మిషన్."

జరిమానా లేదు. పది నెలల అప్పు పదకొండో నెలలో తీరింది. ఆ రోజు మాస్టరు ఆఖరి మూడు వందలు లెక్కపెట్టుకుని, నేను సంతకం చేసిన కాగితం నా చేతికిచ్చాడు. అలవాటు కొద్దీ నేను చాయ్ మాట ఎత్తలేదు. లేస్తాడనుకున్నాను. ఆయన కుర్చీలో ఇంకాస్త వెనక్కి ఆనుకున్నాడు.

"ఇగ చాయ్ వొయ్యమ్మా."

నేను కదలకపోయేసరికి ఆయనే చెప్పాడు. "అప్పిచ్చినోడు బాకీ ఉన్నోళ్ల ఇంట్ల చాయ్ దాగితే గది గుడ వడ్డీ లెక్కనే. పదకొండు నెలల సంది నీ అల్లం వాసన సూస్తున్న, తెలుసా?"

గిరిగిరి అన్న తాగిన గ్లాసులు మనసులో లెక్కవేశాను. బీకాం కదా, ఆగలేకపోయాను.

మా అత్త లోపలికి వెళ్లి, మా పెళ్లికి వచ్చిన పూల కప్పు తీసింది. మాస్టరు ఒక గుటక తాగి, "శక్కర జర ఎక్కువైంది" అని వంక పెట్టాడు. పెట్టి, మొత్తం తాగాడు.

అప్పుడే గాజుల అక్క తలుపులో నిలబడింది. కప్పు వంక, కిటికీలో బోర్లించిన తన గ్లాసు వంక చూసింది.

"ఏం అత్తమ్మా, కప్పుల తాగాల్నంటే నీకు అప్పియ్యాల్నా? జామీనుంటే సాల్దా?"

మా అత్త మళ్లీ లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపల రెండో పూల కప్పు కడుగుతున్న చప్పుడు వినిపించింది. మాస్టరు ఖాళీ కప్పును మిషన్ బల్ల మీద, ఆ పాత మరకల మధ్యే పెట్టి వెళ్లాడు. తుడవడానికి నాకు తీరలేదు. రెండు జాకెట్లు అర్జెంటుగా ఇవ్వాల్సి ఉంటే, కప్పును పక్కకు జరిపి కుట్టడానికి కూర్చున్నాను.