జేబుకి పిన్నీసు

నేను ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌ని. ఇంజన్ మీదికి వంగితే ఫోన్ జారిపోతుందని మా ఆవిడ రోజూ తన గాజులకున్న పిన్నీసు తీసి నా చొక్కా జేబుకి పెట్టేది. "ఇవాళైనా తియ్యమాకండి" అనేది. తోటివాళ్లు నవ్వుతారని షెడ్డుకి రాగానే తీసి పానాల డబ్బాలో పడేసేవాణ్ణి.

ఆమె పోయిన ఏడాదికి, కంకిపాడు దగ్గర ఆగిపోయిన లారీ రేడియేటర్‌లో పోయడానికి నీళ్లు ముంచుదామని కాలవలోకి వంగాను. జేబులోంచి ఫోన్ జారి నీళ్లలో పడింది. బట్టలతోనే దూకి బురదంతా దేవాను. దొరకలేదు.

"పోతే పోయిందిలే మేస్త్రీ, కొత్తది కొనుక్కోవచ్చు" అన్నాడు డ్రైవరు.

ఆమె గొంతు రికార్డయి ఉన్నది ఆ ఒక్క ఫోన్‌లోనే అని అతనికి ఎలా చెప్పను?

షెడ్డుకొచ్చి పానాల డబ్బా బోర్లించాను. అడుగున గుప్పెడు పిన్నీసులున్నాయి. తుప్పు పట్టనిది ఒకటి ఏరి, ఖాళీ జేబుకే పెట్టుకున్నాను. ఈసారి తియ్యలేదు.