నీరటికాడి గుడిసె

మడికొండలో నేను పనిచేసే ఆఫీసుకు ఊళ్లు వస్తుంటాయి. పైనుంచి తీసిన ఫొటోలు ఇస్తారు. ఏది ఇల్లు, ఏది రోడ్డు, ఏది కాలువ అని చూసి గీతలు గీయాలి, ఒక్కో దానికి లిస్టులో ఉన్న పేరు తగిలించాలి. నిరుడు వానాకాలంలో నా వంతుకు స్విట్జర్లాండ్‌లో ఒక చిన్న కొండలోయ ఊరు వచ్చింది. తెలంగాణ దాటి ఎరగని నేను, నెల తిరిగేసరికి ఆ ఊళ్లో ఎవరి పశువుల కొట్టం ఎవరి ఇంటి వెనక ఉందో చెప్పగలిగేదాన్ని.

ఉత్త గీతలు గీస్తే నాకు తృప్తి ఉండదు. ఫొటోలతోపాటు ఆ ఊరి చరిత్ర రాసిన చిన్న పుస్తకం ఒకటి పంపారు. మా టీంలో ఎవరూ తెరవలేదు. నేను చదివాను. ఊరు లోయకు ఎండ పడే వైపు ఉంది. ఎదుటి వాలు నీడ వైపు, అక్కడ అడవి తప్ప ఇల్లు లేదు. చలికాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడు కొండ వెనకే ఉండిపోతాడట. ధాన్యపు కొట్లను ఎలుకలు ఎక్కకుండా గుండ్రటి రాతి బిళ్లల మీద నిలబెట్టారు. రొట్టెలు ఊరుమ్మడి పొయ్యిలో ఏడాదికి కొన్నిసార్లే కాల్చుకుని దాచుకునేవాళ్లు, ఎండిన రొట్టెను పెద్ద కత్తితో కొట్టి తినేవాళ్లు. పొలం చాలని ఇళ్ల మగపిల్లలు పరాయి రాజుల సైన్యాల్లో జీతానికి చేరేవాళ్లు. కూడు ఎక్కడ దొరికితే అక్కడికి పోవడం అన్ని ఊళ్లకూ ఒకటే కాబోలు.

ఇంత చదివీ మొదటి షీటులోనే దెబ్బతిన్నాను. ఊరి పైన, కొండ వాలుకు అడ్డంగా సన్నటి కాలువ ఒకటి పోతుంది. దాని వెంట అక్కడక్కడ అగ్గిపెట్టెల్లాంటి చిన్న గదులు ఉన్నాయి. మన దగ్గర పొలంలో అట్లాంటి గది కనిపిస్తే అది బోరు మోటరుదే, ఇంకోటి అయ్యే పనే లేదు. అన్నిటికీ ‘పంపు గది’ అని పేరు పెట్టి పంపాను. షీటు తిరిగొచ్చింది. ఇక్కడ పంపులే లేవు, నీళ్లు వాలు మీదనే వస్తాయి, మళ్లీ చూడండి అని రాశారు. కొత్త క్లయింటు కావడంతో రెండోసారి తిరిగొస్తే ఆ మనిషిని ప్రాజెక్టు నుంచి తీసేస్తారు. తీసేసినవాళ్లకు ఇంకో ప్రాజెక్టు దొరుకుతుందన్న నమ్మకం లేదు. నాకు నిజంగా భయమేసింది.

వారానికి రెండు రోజులు ఇంట్లోనే పని. ఆ రోజుల్లో మా బాపు చాయ్ గ్లాసు పట్టుకుని నా పక్కనే కూర్చుంటాడు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో ఆయన చెరువుకు నీరటికాడు. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు వంతో చూసి నీళ్లు వదలడం ఆయన పని. ఇంటింటికీ బోర్లు పడ్డాక ఆయనతో ఎవరికీ అవసరం లేకపోయింది, నా దగ్గరికి వచ్చేశాడు.

“అంత మంచు పెట్టుకుని గీళ్లకు నీళ్ల కరువేంది బిడ్డా?” అన్నాడు స్క్రీన్ చూస్తూ.

“రెండు దిక్కుల పెద్ద గుట్టలు బాపు. మబ్బులు అటే ఆగిపోతయట, వాన తక్కువ. ఏరేమో కింద, పొలాలేమో పైన. అందుకే మంచు కరిగే కాడినుంచి రాయి తొలిచి, కట్టె దోనెలు పెట్టి తెచ్చుకున్నరు.”

ఆయన కాలువ గీత వెంట వేలు జరుపుకుంటూ పోయాడు. “వాలు మంచిగ పట్టిండ్రు” అని మెచ్చుకున్నాడు. వేలు ఒక గది దగ్గర ఆగింది. “గిది మోటర్ది కాదు. కాలువ మలుపు కాడ ఉన్నది సూడు. గండి పడేది మలుపు కాడనే. గిది నీరటికాని గుడిసె.”

“నీ కంటికి అందరు నీరటోళ్లే కనపడ్తాండ్రు” అని నవ్వాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నాదీ అదే తీరు. అయినా మనసు ఊరుకోక, పుస్తకం చివర చిన్న అక్షరాలున్నాయని వదిలేసిన పేజీలు తీశాను. ఉంది. కాలువకు కావలి మనిషి ఉండేవాడట, ఆ గదుల్లోనే పడుకునేవాడట. నీళ్లకు తిరిగే చిన్న చక్రం ఒక సుత్తెను టకటకమని కొడుతూ ఉండేది. సప్పుడు ఆగిందంటే ఎక్కడో కాలువ తెగినట్టు, అతను లేచి పరుగెత్తాలి. ఇంటింటి నీళ్ల వంతును కట్టెల మీద గాట్లు పెట్టి గుర్తుంచుకునేవాళ్లట.

సుత్తె సంగతి చదివి చెబితే బాపు మూడుసార్లు చెప్పించుకున్నాడు. “గీ తెలివి నాకు రాకపాయె. ఎన్ని దినాలు ఒంటికన్ను నిద్ర పోయిన్నో” అన్నాడు.

నాకు మాత్రం సిగ్గేసింది. మా తూము పక్కన కట్ట మీద ఆయనకు అట్లాంటి గుడిసే ఉండేది. స్కూల్ నుంచి వచ్చి అక్కడికే సద్ది మోసుకుపోయేదాన్ని. తాటాకు కప్పు, మూల నిలబెట్టిన పార, గోడకు వేలాడే కందిలి. అవన్నీ చూసిన కళ్లే ఫొటోలో మోటరు గదిని చూశాయి.

మా లిస్టులో నీరటికాడి గుడిసె అనే పేరు లేదు. ‘షెడ్డు’ ఉంది. మర్నాడు ఆఫీసులో టీం లీడర్, నాకన్నా చిన్న పిల్ల, నచ్చజెప్పింది. “అక్కా, షెడ్డు అని పెట్టు, ఎవలు ఏమనరు. లిస్టుల లేంది రాస్తే షీటు మొత్తం రిజెక్ట్ అయితది. మళ్ల నన్ను అనొద్దు.”

ఆమె చెప్పింది న్యాయమే. షెడ్డు అని పెడితే నా ఉద్యోగానికి ఫికర్ లేదు. కానీ నాది మొండి ఘటం. ఒక్కో గది మీద ‘కాలువ కావలిమనిషి గుడిసె’ అని ఇంగ్లీషులో రాసి, పుస్తకంలో పేజీ చూపించి పంపేశాను. వారం రోజులు మెయిల్ తెరవాలంటే భయం. బాపుకు సంగతి చెప్పలేదు, తన మాట వల్ల నా పని పోయిందనుకుంటాడని.

షీటు తిరిగి రాలేదు. కొత్త లిస్టు వచ్చింది. పంపు గదికి, రోడ్డుకు మధ్యన ఒక కొత్త పేరు చేరింది. నేను రాసిందే. ఆ సాయంత్రం బాపుకు చూపించాను.

“ఏమని రాసిండ్రు?”

“నీరటికాని గుడిసె అని. ఇగ అందరు ఇదే పేరు పెడ్తరు.”

“మరి మనూరు చూపియ్యి” అన్నాడు. ఫోనులో మ్యాపు తెరిచాను. చెరువు, కట్ట, తూము కనిపించాయి. తూము పక్కన వేలు పెట్టాడు. “గిక్కడ గూడ రాయి.”

“అక్కడ ఏం లేదు కదా బాపు. గుడిసె ఎప్పుడో పడిపాయె. లేనిదాన్ని ఎట్ల రాస్తరు?”

“ఉన్నప్పుడు ఎవలు రాసిండ్రు గన్క” అన్నాడు బాపు. వేలు మాత్రం తీయలేదు.