స్ప్రేయరులో బీరు

మా గూడూరులో నేను బతికుండగానే నాకోసం ఒక వీధి వీధంతా ఏడ్చింది. ఎందుకు ఏడ్చారో చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఏడేళ్లుగా మా చుట్టాలందరూ నవ్వుతూనే ఉన్నారు. మీరూ వాళ్లలో కలిస్తే కొత్తగా పోయే పరువంటూ నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఒక్కటే మనవి. నవ్వేటప్పుడు అప్పటి శ్రీనివాసరావు మీద కాస్త జాలి కూడా చూపించండి. పాపం, వాడికి వయసు ముప్ఫై రెండు. ఇంజినీరింగు అనుభవం మాత్రం ఫోనులో చూసిన పదకొండు నిమిషాల వీడియో ఒక్కటే.

గూడూరు సెంటర్లో నాకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. ఇంట్లో నేనూ, నా భార్య కల్యాణీ. కల్యాణి అన్నయ్య రాంబాబు గుడివాడలో ధాన్యం వ్యాపారం చేస్తాడు. మనిషి చాలా మంచివాడు. కాకపోతే తాను చూసిందీ, తిన్నదీ, తాగిందీ ప్రపంచంలో ఇంకెవరూ చూసి, తిని, తాగి ఉండరని ఆయనకు గట్టి నమ్మకం. ఆ వేసవిలో హైదరాబాదు వెళ్లొచ్చి ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మర్యాదగా ఉంటుందని ఫ్రిజ్‌లోంచి ఒక బీరు సీసా తీసి ఆయన ముందు పెట్టాను. నెల్లాళ్ల కిందటి పెరుగును చూసినట్టు చూశాడు దాన్ని.

"సీసాలో వచ్చేది బీరు కాదు బావగారూ."

"మరేంటండీ?"

"డ్రాఫ్టు బీరండీ! పంపు తిప్పితే నురగతో గ్లాసులోకి దిగుతుంది. చల్లగా, మెత్తగా... మీకు చెప్పినా అర్థం కాదులెండి. ఈ చుట్టుపక్కల దొరికే సరుకు కాదది."

ఆ ‘చెప్పినా అర్థం కాదులెండి’ అన్నమాట నాకు ముల్లులా గుచ్చుకుంది. "వచ్చే నెల రండి బావగారూ. మా ఇంట్లోనే పంపు తిప్పి పోస్తాను" అనేశాను. అన్న తరవాత, అన్నది నేనేనా అని అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూశాను. వంటింటి గుమ్మంలో గరిటెతో కల్యాణి నిలబడి ఉంది.

"మొన్న ఈయన ట్యూబులైటు మార్చబోతే వీధి మొత్తం కరెంటు పోయింది అన్నయ్యా" అంది. "నువ్వేమీ ఆశలు పెట్టుకోకు."

ఇక పట్టుదల రాక చస్తుందా? ఆ సాయంత్రమే ఇంట్లో పెట్టుకునే బీరు మిషను ఎంతో ఆన్‌లైన్లో చూశాను. చూసి, ఫోను బోర్లా పెట్టేశాను.

రెండు రోజులు దిగులుగా కొట్లో కూర్చున్నాను. మూడో రోజు తల పైకెత్తితే, దూలానికి వరసగా వేలాడుతూ కొత్త స్ప్రేయర్లు కనిపించాయి. రైతులు వీపుకి తగిలించుకుని చేలో మందు కొట్టుకునే పంపులు. రోజూ చూసేవే. కానీ ఆ రోజు నా కంటికి అవి వేరుగా కనిపించాయి. డబ్బా ఉంది, గాలి కొట్టడానికి పక్కన మీట ఉంది, గొట్టం ఉంది. చివర నొక్కితే వస్తుంది, వదిలితే ఆగుతుంది. ఇంత మహత్తరమైన యంత్రాన్ని వరికి పట్టిన దోమ మీద వృథా చేస్తున్నామే అని మనసు విలవిల్లాడింది.

సీలు తియ్యని కొత్త స్ప్రేయరు ఇంటికి తెచ్చాను. బందరు చేపల మార్కెట్టు నుంచి థర్మకోల్ పెట్టె, ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన దగ్గర చుట్టలు చుట్టిన రాగి గొట్టం సంపాదించాను. పెట్టెలో ఐసు, ఐసులో రాగి చుట్ట. స్ప్రేయరులోంచి వచ్చే బీరు ఆ చుట్టలో తిరిగి చల్లబడి, అవతల గ్లాసులో పడాలి. కాగితం మీద బొమ్మ గీసుకుంటే ఎంత బాగుందంటే, దాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టాలనిపించింది.

ఈలోగా అవనిగడ్డలో కల్యాణి పిన్ని కూతురి ఓణీల ఫంక్షను వచ్చింది. శనివారం వెళ్లి, ఆదివారం సాయంత్రం వాళ్లన్నయ్యతో కలిసి కారులో తిరిగొస్తానంది. నేను రానన్నాను. ఆయన వచ్చేలోపు మిషను సిద్ధం చెయ్యాలి కదా!

"నా వాళ్లింట్లో శుభకార్యానికి రారు. ఆ డబ్బా ముందు మాత్రం రోజంతా కూర్చుంటారు" అంది కల్యాణి, గేటు దగ్గర ఆటో ఎక్కుతూ. "ఇక నాతో ఏం పనుంది మీకు? దాంతోనే కాపురం చెయ్యండి!"

ఇది మామూలు గొంతుతో అన్నమాట కాదు. పక్కింటి వరలక్ష్మి పిన్ని వాకిలి ఊడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఈ పిన్నీ, ఆవిడ భర్త కోటేశ్వరరావు బాబాయీ మాకు బంధువులు కారు, ఇరుగుపొరుగు వరసలంతే. వాళ్ల మునగచెట్టు కొమ్మ మా గోడ దాటి వచ్చిందని నేను నరికించాను. దాంతో బాబాయి నాతో మాటలు మానేసి రెండు నెలలైంది.

ఆదివారం పొద్దున్న పదింటికి పెరట్లో పని మొదలుపెట్టాను. ముందు మంచినీళ్లతో పరీక్షించాను. భేషుగ్గా పనిచేసింది. నన్ను నేనే భుజం తట్టుకుని, ఆరు సీసాల బీరు స్ప్రేయరులో పోశాను. ఇంకా చల్లగా ఉంటే బావగారు అదిరిపోతాడని ఐసులో రెండు గుప్పిళ్లు రాళ్ల ఉప్పు వేశాను. ఉప్పు వేస్తే ఐసు మరింత చల్లబడుతుందని ఆ వీడియోలోనే చెప్పారు. మరీ చల్లబడితే గొట్టంలో బీరు గడ్డకట్టి దారి మూసుకుంటుందని మాత్రం చెప్పలేదు. బహుశా అది పన్నెండో నిమిషంలో ఉండేదేమో.

మీట కొట్టాను. గ్లాసులో చుక్క పడలేదు. ఇంకా కొట్టాను. డబ్బా బుసలు కొట్టింది గానీ బీరు మాత్రం రాలేదు. సరే, రాగి చుట్ట సంగతి తరవాత చూద్దాం, అసలు పంపు పనిచేస్తోందో లేదో తేలిపోవాలనుకున్నాను. గొట్టాన్ని చుట్ట నుంచి ఊడదీశాను. ఆ మీట వీపు మీద ఉంటేనే బాగా ఆడుతుంది కదా అని డబ్బాని రైతులాగే వీపుకి తగిలించుకున్నాను. వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని ఒక్క నొక్కు నొక్కాను.

నొక్కడం వరకే నా చేతిలో ఉంది. తరవాతదంతా బీరు చేతిలోకి వెళ్లిపోయింది. నురగ నోట్లోకి, నోట్లోంచి ముక్కులోకి, ముక్కులోంచి షర్టు మీదికి వచ్చేసింది. కళ్లు ఎర్రబడ్డాయి. ఊపిరాడక మెట్టు మీద మెలికలు తిరిగిపోయాను.

సరిగ్గా అప్పుడే, కరివేపాకు కోసుకోడానికి వచ్చిన వరలక్ష్మి పిన్ని గోడ మీంచి తొంగి చూసింది.

మీరే ఆలోచించండి. పురుగుమందుల కొట్టువాడు. పెళ్లాం అలిగి వెళ్లింది. వీపున స్ప్రేయరు, నోట్లో గొట్టం, నోటెమ్మట నురగ.

"ఒరేయ్ శీనూ! ఏంట్రా అది? ఏం తాగుతున్నావురా?"

ఆదివారం పొద్దున్నే బీరు తాగుతున్నానని పెద్దావిడకి చెప్పడానికి సిగ్గేసింది. అయినా అబద్ధం ఎందుకని తల దించుకుని నిజమే చెప్పాను.

"మందే పిన్నీ... కొంచెమే..."

ఆవిడ చేతిలో కరివేపాకు నేల రాలింది. "ఓరి నాయనోయ్! శీను మందు తాగేశాడర్రోయ్!"

ఆ కేకకి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. మోకాళ్ల నొప్పులని గుడి మెట్లు కూడా ఎక్కని కోటేశ్వరరావు బాబాయి గోడ దూకి వచ్చాడు. వచ్చి నన్ను వెనక నుంచి వాటేసుకున్నాడు.

"బాబాయ్, నేను తాగింది ఆ మందు కాదు, ఈ మందు!"

"మాట తడబడుతోంది! ఉప్పునీళ్లు తెండి!"

"బీరు బాబాయ్, బీరు! కావాలంటే వాసన చూడు."

ఎదురింటాయన నా మొహం దగ్గరికి వంగి వాసన చూశాడు. కళ్లు తుడుచుకుంటూ లేచి, "నిజమేనండీ, బీరు వాసన కూడా వస్తోంది" అన్నాడు. "ధైర్యం కోసం ముందు అది తాగినట్టున్నాడు పాపం."

కాదని చెప్పే వీలు కూడా లేదు. నోట్లో చెంబుడు ఉప్పునీళ్లున్నాయి.

ఆటోలో పడేసి బందరు ఆసుపత్రికి బయల్దేరారు. నా తల బాబాయి ఒళ్లో ఉంది. సాక్ష్యం కోసం స్ప్రేయరుని పిన్ని ఒళ్లో పెట్టుకుంది. కక్కి కక్కి నాకు మాట పెగలడం లేదు. బాబాయి నా జుట్టు నిమురుతూ, "మునగ కొమ్మ కోసం నీతో మాట్లాడ్డం మానేశాన్రా. నేనూ ఓ మనిషినేనా?" అని భోరుమన్నాడు. "చెట్టు మొత్తం కొట్టించుకో నాయనా. నువ్వు మాత్రం కళ్లు ముయ్యకు."

అప్పటిదాకా నాకు కోపంగా ఉంది. ఆ మాటకి ఎందుకో నాకూ ఏడుపొచ్చింది. నేను ఏడవడం చూసి, ఇక ఆఖరి ఘడియలొచ్చాయనుకుని ఆటో డ్రైవరు మరింత వేగంగా తోలాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఒక అమ్మాయి. గబగబా వచ్చి "ఏం మందు?" అని అడిగింది.

"బీరండీ" అన్నాను నీరసంగా.

పిన్ని ఒళ్లో ఉన్న డబ్బా తీసుకుని, మూత తీసి, చేత్తో విసురుకుని వాసన చూసింది. నన్ను చూసింది. నాడి చూసింది, కళ్లలో లైటు వేసింది, రక్తం తీయించింది. ఉప్పునీళ్లు పట్టించినందుకు బాబాయిని గట్టిగా కోప్పడింది. "ఎవరు ఏం తాగినా సరే, అలా కక్కించకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా ప్రమాదం. నేరుగా ఇక్కడికి తీసుకురండి" అంది. తరవాత అందర్నీ బయటికి పంపి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఎవరూ లేరు. నిజం చెప్పండి. మీకేమైనా బాధ ఉందా?"

ఆ అడగడం ఎంత మెత్తగా ఉందంటే, ఉన్నదంతా చెప్పేశాను. బావగారి డ్రాఫ్టు బీరు, ఆన్‌లైన్ ధర, రాగి చుట్ట, రాళ్ల ఉప్పు. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ రాసుకుంది. "రిపోర్టు వచ్చేదాకా పడుకోండి" అని గొంతు సవరించుకుని వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక బయట ఎవరో పడిపోయేలా నవ్వడం వినిపించింది.

రెండు గంటల తరవాత కల్యాణి వచ్చింది. పట్టుచీరతో, చెప్పుల్లేకుండా, జడలో పూలు సగం ఊడి. వెనకే రాంబాబు. ఎవరో ఫోను చేసి ‘శీను మందు తాగాడు’ అని మాత్రమే చెప్పి పెట్టేశారట. కల్యాణి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ. ఏదో కోపంలో అన్నాను. మీరు లేకపోతే నాకెవరున్నారు?"

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. వెంటనే నిజం చెప్పెయ్యాలి. కానీ పెళ్లైన నాలుగేళ్లలో అంత ప్రేమగా మాట్లాడ్డం అదే మొదటిసారి. ఇంకో రెండు ముక్కలు విందామని కళ్లు సగం మూసుకుని పడుకున్నాను. ఆశ, అంతే.

ఆలోగా రాంబాబు నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మంచం పక్కన ఉన్న స్ప్రేయరుని చూసి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

"అంతా నావల్లే బావగారూ. ఆ రోజు మిమ్మల్ని చిన్నబుచ్చాను. అసలు నేను హైదరాబాదులో ఆ బీరు తాగనే లేదండీ! ధర చూసి భయమేసి నిమ్మకాయ సోడా తాగాను. పక్క టేబులు వాళ్లు తాగుతుంటే చూశానంతే!"

నేను మంచం మీంచి ఒక్క గెంతు గెంతాను. సెలైను స్టాండు కింద పడింది.

"ఏంటీ! తాగలేదా!"

కల్యాణి నన్ను చూసింది. స్ప్రేయరుని చూసింది. దగ్గరికెళ్లి మూత తీసి వాసన చూసింది. అప్పుడే రిపోర్టుతో లోపలికొచ్చిన డాక్టరమ్మ, "అంతా బాగానే ఉంది. కడుపులో బీరూ, ఉప్పునీళ్లూ తప్ప ఏమీ లేవు" అంది. కల్యాణి ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే నా వీపు మీద రెండు చరిచింది, మళ్లీ ఏడ్చింది.

ఆ సాయంత్రం వీధిలో వాళ్లందరూ వరసగా వచ్చి, నేను బతికున్నానని రూఢి చేసుకుని, పగలబడి నవ్వి వెళ్లారు. అందరికీ కాఫీలిచ్చి కల్యాణి చేతులు పడిపోయాయి. అందరూ వెళ్లాక బాబాయి మాత్రం కాసేపు తచ్చాడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరేయ్ శీనూ, ఆ డబ్బాలో ఇంకా ఏమైనా మిగిలిందా?"

"మీకు సిగ్గు లేదూ?" అని పిన్ని ఆయన్ని ఇంటికి లాక్కెళ్లింది. వెళ్లేముందు నా చెయ్యి కల్యాణి తల మీద పెట్టించి ఒట్టు వేయించింది. ఆ ఒట్టు ఈ రోజు వరకు తప్పలేదు. మీ ముందు కూడా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. వీపుకి తగిలించుకునే ఏ వస్తువునూ ఈ శ్రీనివాసరావు ఈ జన్మలో నోట్లో పెట్టుకోడు. ఏం తాగినా గ్లాసులోనే, కూర్చునే, నలుగురూ చూస్తుండగానే తాగుతాడు. పెద్దవాళ్లెవరైనా ఏం తాగుతున్నావురా అని అడిగితే, సిగ్గుపడకుండా, తల దించుకోకుండా, కంపెనీ పేరుతో సహా చెప్తాడు.