మూడో సొంతవాక్యం

నా చిన్నప్పుడు మా తెలుగు మేష్టారు ప్రతి శుక్రవారం నల్లబల్ల మీద ఒక మాట రాసి, దానితో మూడు సొంతవాక్యాలు రాసుకురమ్మనేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక వారం ఆయన ఇచ్చిన మాట 'జరిపించు'. అది మా ఇంట్లో రోజూ వినబడే మాటే. మా తాతయ్య మా ఊరి పురోహితులు. అమలాపురం చుట్టుపక్కల పెళ్లిళ్లు, వ్రతాలు, గృహప్రవేశాలు ఆయనే జరిపించేవారు. వయసులో ఉండగా కబడ్డీ బాగా ఆడిన మనిషి కావడంతో, మా బడిలో పోటీలు పెట్టినా విజిల్ ఆయన చేతికే ఇచ్చేవారు.

అందుకని మొదటి రెండు వాక్యాలు ఆ సాయంత్రమే రాసేశాను. మా తాతయ్య పెళ్లిళ్లు జరిపిస్తారు. మా తాతయ్య ఆటలు జరిపిస్తారు. మూడోది మర్నాటికి ఉంచాను. శనివారం మధ్యాహ్నం ఉప్పలగుప్తం నుంచి వచ్చే ఆడపిల్లల జట్టుతో మాకు పోటీ ఉంది. గెలిచి, ఆ గెలుపు గురించే రాద్దామని నా ఆశ.

ఆ శనివారం తాతయ్య సఖినేటిపల్లిలో పెళ్లి జరిపించి వచ్చారు. తెల్లవారుజామున ముహూర్తం. భోజనానికి కూర్చుంటే బస్సు తప్పిపోతుందని రెండు అరటిపళ్లు తిని బయలుదేరారట. హోమం పొగకి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇంటికి కూడా వెళ్లకుండా, సంచి బడి అరుగు మీద పెట్టి, పంచె ఎగగట్టి విజిల్ అందుకున్నారు. నడుం పట్టేసిందేమో, గీత పక్కన వంగినప్పుడల్లా మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటున్నారు.

ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూత నాది. అవతలి జట్టులో ఒకమ్మాయిని తాకి వెనక్కి తిరిగాను. గీత రెండడుగుల దూరంలో ఉందనగా ఊపిరి చాలలేదు. కూత తెగింది. వెంటనే మళ్లీ అందుకున్నాను. అంత గోలలో ఎవరికీ వినబడి ఉండదనుకున్నాను. విజిల్ మోగింది. కూత తెగింది, అవుట్ అన్నారు తాతయ్య. ఆ ఒక్క పాయింటుతో మేం ఓడిపోయినట్టే.

తెగలేదని అరిచాను. మా జట్టు అమ్మాయిలు నా వెనక చేరి తెగలేదు, తెగలేదు అన్నారు. తాతయ్య నా వైపు చూసి, "తెగలేదా అమ్మడూ?" అని ఒక్కసారి అడిగారు.

"తెగలేదు" అన్నాను.

"నాకు తెగినట్టే వినబడింది. అవుట్" అని ఆయన ఆట ముగించేశారు.

మా జట్టు నాయకురాలి నాన్నగారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. "పంతులుగారికి చెవులు తగ్గేయండి. ఇంత దూరానికి నాకు వినబడిందండీ ఆ పిల్ల కూత" అన్నారు. పక్కనున్న ఇంకొకాయన, "ఆయ్, మొన్న మా ఇంట్లో వ్రతంలో కూడా రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదండి" అన్నారు. కొంతమంది నవ్వారు. తాతయ్య విజిల్ తీసి హెడ్మాస్టరు గారికి ఇచ్చేసి, సంచి భుజాన వేసుకుని ఇంటి దారి పట్టారు. నేను ఆయన వెనకాల వెళ్లలేదు.

ఆదివారం పొద్దుటికి నా అబద్ధం నాకే నిజంలా తోచింది. కోపంగా మూడో వాక్యం రాశాను. నిన్న మా తాతయ్య ఆట సరిగ్గా జరిపించలేదు.

రాసిందేదైనా తాతయ్యకి చూపించి తప్పులు దిద్దించుకోవడం నాకు అలవాటు. ఆ రోజూ పుస్తకం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన నొచ్చుకోవాలనే పెట్టానని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన వీధరుగు మీద గోడకి చేరగిలబడి ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని మూడు వాక్యాలూ నిదానంగా చదివారు. ఒకచోట నేను మరిచిపోయిన ఒత్తు పెట్టారు. పుస్తకం తిరిగి ఇస్తూ, "ఇంక తప్పుల్లేవమ్మా. అది నిజమో కాదో మాత్రం మేష్టారు చూడరు. రాసినవాళ్లే చూసుకోవాలి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయిన గొంతు అది.

నాకు ఏడుపొచ్చింది. తెగిందని ఒప్పుకున్నాను. నేను అబద్ధమాడుతున్నానని అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆట జరిపించేవాడు ఆటలో ఏం జరిగిందో చెప్పాలి. పిల్ల ఎలాంటిదో చెప్పకూడదు" అని, ఆయన కళ్లజోడు తీసి కళ్లు మూసుకున్నారు.

సోమవారం నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. శనివారం మా తాతయ్య ఆట సరిగ్గానే జరిపించారు, నా కూత తెగింది అని చదివాను. మేష్టారు ఇవి రెండు వాక్యాలు కదా అనలేదు. కూర్చోమన్నారు. మా జట్టు అమ్మాయిలు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నా పక్కన కూర్చునే పిల్ల బల్ల మారిపోయింది.

నేను ఒప్పుకున్న సంగతి బడి దాటి పెద్దగా వెళ్లలేదు. చెవులు తగ్గాయన్న మాట మాత్రం ఊరంతా పాకింది. ఆ తర్వాత పోటీలకి తాతయ్యని పిలవలేదు. కొత్త డ్రిల్లు మేష్టారు వచ్చారన్నారు. అదీ నిజమే. పెళ్లిళ్లకి మటుకు పిలిచేవారు గానీ, పీటల మీద కూర్చున్నవాళ్లు ఆయన పక్కకి వంగి ఒక్కో మాటా గట్టిగా అరిచి చెప్పేవారు. ఆయన ఒక్కరితోనూ నాకు వినబడుతుందని అనలేదు. ఆయ్, అలాగేనండి అని తన పని తాను చేసుకునేవారు. పక్కన కూర్చుని పూలు అందిస్తూ నేను తల దించుకునేదాన్ని. పెరట్లో కొబ్బరిమట్ట రాలితే లోపలి గదిలోంచి అది ఏ చెట్టుదో చెప్పగలిగిన మనిషి. పోయేదాకా ఆయన చెవులు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. మోకాళ్లు పట్టేస్తున్నాయి, సాయంత్రానికి ఓపిక ఉండటం లేదు. బ్యాంకులోనూ బస్సులోనూ పిల్లలు నా చెవి దగ్గరికి వంగి గట్టిగా మాట్లాడుతున్నారు. వినబడుతోంది బాబూ అనబోతాను. తాతయ్య గుర్తొస్తారు. తల ఊపి ఊరుకుంటాను.