టిఫిన్ చెప్పడానికి వెళ్లిన సభ్యుడు

ఆ రోజుల్లో నాకు అర్థం కానిదంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద కొంచెం అసూయగా ఉంటుంది. టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం, ఆదివారాలు హేతువాద చర్చావేదిక, చంకలో ఎప్పుడూ ఒక కరపత్రాల కట్ట. గ్రహణం పట్టినప్పుడు నడివీధిలో నిలబడి పులిహోర తినేవాణ్ణి (జనంలో మార్పు వస్తుందని తినేవాణ్ణి, వచ్చినవి మా వీధి కుక్కలు మాత్రమే). ప్రతి పనికీ ఒక కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే అది దొరికి తీరుతుందని, దొరికినదాన్ని పదిమంది ముందు నిరూపిస్తే ఎంతటి మొండివాడైనా ఒప్పుకోక తప్పదని నమ్మేవాణ్ణి. మొదటిది ఇప్పటికీ నమ్ముతాను. మిగతా రెండింటి సంగతి చెప్పడానికే ఇదంతా. ఎవరేం చెప్పినా ‘ఎందుకు’ అని ఎదురడిగే అలవాటు వల్ల ఊళ్లో నా అసలు పేరు మరిచిపోయి ఎందుకుగాడు అని పిలిచేవారు. దాన్ని నేను బిరుదుగా తీసుకున్నాను.

మా ఊరు నౌపడ ఉప్పు మళ్లు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. వస్తుంది అనడం సుళువే గాని, మధ్యలో ఒక గెడ్డ ఉంది. వేసవిలో మోకాలి లోతు, వానలు పడితే మనిషి లోతు. వంతెన లేదు. వానాకాలంలో పిల్లలకు బడి లేదు, ఉప్పుకు లారీ లేదు, జ్వరానికి డాక్టరు లేడు. అంతకుముందు ఏడు మా గోడ పక్కింటి డీకన్ మావ కోడలికి నొప్పులొస్తే నులక మంచం మీద పడుకోబెట్టి, నలుగురు ఆ మంచాన్ని నెత్తికెత్తుకుని గెడ్డ దాటించారు. అవతలి ఒడ్డు చేరీ చేరకముందే పిల్లాడు పుట్టేశాడు. నీళ్ల గట్టున దొరికాడని మోషే అని పేరు పెట్టుకున్నారు. (డీకన్ మావ మాకు చుట్టం కాదు. వాళ్లది బాప్టిస్టు చర్చి, ఆయన అందులో డీకన్, అంటే సంఘ పెద్ద, మాది వరి పండించుకునే హిందువుల ఇల్లు. అయినా తాతల కాలం నుంచి ఆ గోడకు అటువైపు మావ, ఇటువైపు బావు.) తల్లీ బిడ్డా దక్కారు గాని, ఆ ఒడ్డున అరగంట సేపు ఏం జరుగుతుందో తెలియక నిలబడ్డవాళ్లం ఎవరమూ దాన్ని మరిచిపోలేదు. మళ్లీ ఎవరి ఇంటి మంచమో గెడ్డలోకి దిగకముందే వంతెన రావాలి.

రావడానికి ఊళ్లో మూడు మార్గాలు మొదలయ్యాయి. మా అత్త (నాన్నకు అక్క, మా ఇంట్లోనే ఉంటుంది, మాటలో ఎవరికీ తగ్గదు) పసుపు గుడ్డలో ముడుపు కట్టి అమ్మవారికి మొక్కుకుంది. డీకన్ మావ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వంతెన కోసం ప్రత్యేకంగా ఒక విన్నపం చేర్చాడు. నేను ఎమ్మెల్యే గారి చేత శాసనసభలో ప్రశ్న వేయిస్తానన్నాను. అరుగు మీద అందరూ ఉండగానే, ముడుపులతోనూ మోకాళ్లతోనూ సిమెంటు రాదని, ప్రజాస్వామ్యంలో హేతుబద్ధమైన ప్రశ్నకు హేతుబద్ధమైన జవాబు వచ్చి తీరుతుందని ఉపన్యాసం దంచాను.

“సరే బావూ,” అన్నాడు డీకన్ మావ, “మూడేపుల నుంచీ లాగుదాం. ఏదో ఒక తాడు తెగకుండా ఉంటాది.”

“వొంతెనొచ్చినాక ఎవలి వొల్లొచ్చిందో నువ్వే తేల్చి సెప్పాలి మరి,” అంది అత్త. “సదువుకున్నోడివి కదేటి.”

తేలుస్తానని మాటిచ్చాను.

ప్రశ్న నేనే రాశాను. ఎమ్మెల్యే గారు నా మీసాలకేసి ఒకసారి, కాగితం కేసి ఒకసారి చూసి, దానిలోంచి ‘అంధయుగం’ అనే మాట తీసేయించి సభకు పంపారు. కొన్నాళ్లకు అది నక్షత్రం గుర్తు గల ప్రశ్నగా వచ్చిందని కబురు చేశారు. జాతకాల మీద అంతకుముందే ఘాటైన వ్యాసం రాసిన నాకు ఆ మాట మింగుడు పడలేదు. నక్షత్రం ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలట, నక్షత్రం లేనిదానికి కాగితం మీదే ఇస్తారట. “నీ ప్రశ్నకి నచ్చత్రం కుదిరిందటగా,” అని అత్త ఆ వారమంతా నన్ను తిననివ్వలేదు.

సందర్శకుల పాసులు రెండే దొరికాయి. నేనూ డీకన్ మావా బయల్దేరాం. కొత్త రాజధానిలో, పొలాల నడుమ లేచిన తెల్లటి భవనం అది. గేటు దగ్గర ఫోన్లు తీసుకున్నారు, నా కరపత్రాల కట్ట తీసుకున్నారు, మావ జేబులోని చిన్న కొత్త నిబంధన పుస్తకాన్ని తిప్పి చూసి ఇచ్చేశారు (ఈ వివక్ష మీద అక్కడే వాదించబోతే మావ నా మోచెయ్యి పట్టుకున్నాడు). మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, లేచి నిలబడకూడదు, సైగలు చేయకూడదు అని చెప్పి లోపల, పైనున్న సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టారు. ఆలస్యమవుతుందన్న భయంతో పొద్దున్నుంచి ఇద్దరం ఒక్కో టీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఈ సంగతి తరవాత ముఖ్యమవుతుంది.

చర్చావేదికలో మాకు నేర్పిన మొదటి పాఠం ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడమని. ఇక్కడ ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడటం లేదు. ఒకాయన ఇంకొకాయన్ని తిట్టాలన్నా సభాపతి వైపే తిరిగి, ‘అధ్యక్షా, ఆయనకు సిగ్గు లేదు అధ్యక్షా’ అంటున్నారు. తిట్టించుకున్నాయనా లేచి అధ్యక్షుడికే జవాబు చెబుతున్నారు. ఏ తప్పూ చేయని సభాపతి అన్నిటికీ తల ఊపుతున్నారు. నీటి తీరువా మీద ప్రశ్న వేస్తే జవాబు కిందటి ప్రభుత్వం మీద వచ్చింది. కిందటి ప్రభుత్వం మీద అరిచినాయన కిందటి ప్రభుత్వంలో కూడా మంత్రేనని పక్క సీటాయన నా చెవిలో చెప్పాడు. అనుకూలమెవరు, ప్రతికూలమెవరు అని తెచ్చుకున్న తెల్లకాగితం మీద రెండు గడులు గీసుకున్నాను. గడులు గీసినంత సులువుగా మనుషులు వాటిలో ఇమడలేదు. మా ఎమ్మెల్యే గారినే వెతుక్కోవలసి వచ్చింది.

“ఈ ఏపు కూకునేవోరు కదేటి?” అన్నాడు మావ మెల్లగా.

“పోయిన్నెల ఆ వైపుకి వెళ్లిపోయారు మావా.”

“అలగా. మరి మనమెటేపు?”

నాకూ అదే అర్థం కావడం లేదు. ఈలోగా కొందరు సభ్యులు పోడియం చుట్టూ చేరి నినాదాలు మొదలుపెట్టారు. సభ వాయిదా పడింది, మళ్లీ మొదలైంది, మళ్లీ పడింది. ఏ కారణానికి పడిందో, ఏ కారణానికి లేచిందో తెలియలేదు. ప్రశ్నోత్తరాల గంట కరిగిపోతోంది. మా ప్రశ్న జాబితాలో చివరన ఉంది. గెడ్డలో నీళ్లు పెరుగుతుంటే ఒడ్డున నిలబడి చూసినట్టుంది నాకు.

మూడోసారి సభ మొదలయ్యాక ఎమ్మెల్యే గారు తలెత్తి మమ్మల్ని చూశారు. ముఖం విప్పారింది. మా ప్రాంతంలో మనిషి కనబడితే మొదట అడిగేది ఒకటే. ఆయన అంత గొడవలోనూ అయిదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టి, కనుబొమలెగరేశారు. తిన్నారా అని. అటువంటి సైగకు తిన్నామని తలాడించడం లోకంలో మర్యాద. కానీ డీకన్ మావ జన్మలో అబద్ధం ఆడలేదు, తలతో కూడా. లేదని అడ్డంగా ఊపాడు. ఎమ్మెల్యే గారి ముఖం వాడిపోయింది. ఎన్నికలప్పుడు ఆయన మావ ఇంట్లో చాప మీద కూర్చుని పీతల పులుసుతో రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. ఆ ఇంటి మనిషి తన సభకొచ్చి ఖాళీ కడుపుతో కూర్చున్నాడు. జాబితాకేసి చూశారు, మా ప్రశ్నకు ముందు ఇంకా చాలా ఉన్నాయి. ఉండండని చెయ్యి చూపించి చటుక్కున లేచి బయటికి వెళ్లిపోయారు.

“ఎక్కడికెళ్లారు మావా?”

“టిఫిన్ సెప్పడానికెల్లుంటారు. మంచి మనిషి.”

సరిగ్గా అప్పుడే సభ పరుగందుకుంది. మా ముందున్న ప్రశ్నలు వేయవలసిన సభ్యులంతా పోడియం దగ్గర నినాదాలు చేస్తున్నారు. సభాపతి ఒక్కొక్క నంబరూ చదవడం, సీట్లో మనిషి లేకపోవడం, తరువాతి ప్రశ్న అనడం. చూస్తుండగానే మా నంబరు వచ్చింది, మా ఊరి పేరు వచ్చింది. ఆ గోడల మధ్య మా ఊరి పేరు వినబడటం అదే మొదటిసారి. సభాపతి ఎమ్మెల్యే గారి పేరు పిలిచారు. ఖాళీ కుర్చీ. “గౌరవ సభ్యులు సభలో లేరు,” అన్నారు సభాపతి, “తరువాతి…”

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. రేషను దుకాణం వరసలోనైనా, ఆసుపత్రిలోనైనా, పిలిచిన మనిషి లేకపోతే పక్కవాడు ఊరుకోడు. ఉన్నాడు, వస్తున్నాడు అని చెప్పి ఆ స్థానం నిలబెడతాడు. నిలబెట్టకపోతే మనిషి కాదు. డీకన్ మావ లేచి నిలబడ్డాడు. జీవితమంతా ఉప్పు మళ్లలో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది కూలీలకు కేకేసిన గొంతు ఆయనది. మైకు అవసరం లేదు.

“ఉన్నారండి. ఇప్పుడే బైటికెల్లారు. మాకు టిఫిన్లు సెప్పి వచ్చేస్తారు. అందాక కాసింత ఆగండి.”

పోడియం దగ్గరివాళ్లు నినాదం మధ్యలో ఆగి పైకి చూశారు. తరవాత నవ్వు మొదలైంది. ఆ రోజంతటిలో రెండు వైపులూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే. సభాపతి కూడా నవ్వు ఆపుకోలేక కాగితాలు సర్దుకున్నారు. నేను లేచి మావ తరఫున వాదించబోయాను (‘అధ్యక్షా’ అన్న మాట నా నోటి నుంచీ వచ్చిందని ఒప్పుకోవాలి). నా వాదన మొదటి మాట దగ్గరే మార్షల్స్ ఇద్దర్నీ చెరో జబ్బా పట్టుకుని బయట పెట్టారు.

మెట్ల దగ్గర ఎమ్మెల్యే గారు రెండు చేతుల్లో ఇడ్లీ పొట్లాలతో ఎదురొచ్చారు.

“అదేటి, మీరే వచ్చేస్తన్నారు?”

“మన ప్రశ్న పిలిచేశారండీ,” అన్నాను.

ఆయన పొట్లాలకేసి చూశారు, తలుపుకేసి చూశారు. గంట మోగింది. ప్రశ్నోత్తరాలు అయిపోయాయి. “ముందు తినండి,” అన్నారాయన చివరికి. డీకన్ మావ పొట్లం విప్పి, కళ్లు మూసుకుని, ఆ ఇడ్లీల కోసం దేవుడికి కృతజ్ఞత చెప్పి తిన్నాడు. మోషే పుట్టిన ఒడ్డు గుర్తొచ్చి నేను నా పొట్లం మళ్లీ కట్టేశాను. “నాను తిన్నామనేస్తే పోయేది కదా బావూ,” అన్నాడు మావ. అనేయాల్సిందని నేనెలా చెప్పను? సత్యం మీద కరపత్రం అచ్చేసినవాణ్ణి.

లిఖితపూర్వక జవాబు తరవాత చేతికొచ్చింది. ‘పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క ముక్క. ఊళ్లో అంతా టీవీలో చూసేశారు. మావ కనబడలేదు గాని ఆకాశవాణిలా గొంతు వినబడిందట. నాలుగు రోజులు చానళ్లు దాన్నే తిప్పి తిప్పి వేశాయి. మా అత్తకు మాత్రం ఆ లిఖితపూర్వక జవాబులోని రెండు మాటలు తెగ నచ్చాయి. “అత్తా, కూర అయిందా?” అంటే “పరిశీలనలో ఉన్నాది” అనేది.

మరుసటి వానలకు ముందే వంతెన మంజూరైంది. మరో ఏడాదికి పూర్తయింది.

మాటిచ్చిన ప్రకారం కారణం తేల్చడానికి కూర్చున్నాను. ఎమ్మెల్యే గారు ఆ రోజు ఇడ్లీల వరసలో మంత్రి పక్కనే నిలబడి అడిగానన్నారు. ఓడిపోయిన అభ్యర్థి తను రాసిన వినతిపత్రం వల్లేనన్నాడు. ఉప్పు వ్యాపారులు లారీల కోసం తామే తిరిగామన్నారు. ఇంజనీరును అడిగితే ఆ ఫైలు అంతకు రెండేళ్ల ముందు నుంచే నడుస్తోందని, ఎందుకాగిందో ఎందుకు కదిలిందో తెలియదన్నాడు. మంత్రి ఆ టీవీ ముక్క ఇంట్లో మనవలకు చూపించి నవ్వుకుని, ఆ ఊరేదో చూడండన్నాడని ఒక మాట. అత్త ముడుపు చెల్లించేసింది. మావ కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టాడు. రెండింటికీ నన్ను పిలిచారు, ఒకచోట ప్రసాదం, ఇంకోచోట కేకు తిన్నాను. ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం మీద ఉన్న పేర్లలో మేం అనుమానించినవాడు ఒక్కడూ లేడు. మూఢనమ్మకాల మీద ఈనాటికీ నా కలం మెత్తబడలేదు. కానీ ఆ వంతెన మీద మాత్రం నేనింతవరకు వ్యాసం రాయలేదు.

డీకన్ మావ నిరుడు పోయాడు. మోషే సైకిలు తొక్కుకుంటూ వంతెన మీదుగా బడికెళుతున్నాడు. మొన్న సమావేశాలప్పుడు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. అత్త పక్కనే చింతపండు పిక్కలు తీస్తోంది. ఎవరిదో నంబరు వచ్చింది, ఖాళీ కుర్చీ కనబడింది. “గౌరవ సభ్యులు సభలో లేరు,” అన్నారు సభాపతి.

“ఉన్నారండి,” అన్నాను నేను. “ఇప్పుడే బైటికెల్లారు. వచ్చేస్తారు.”

నా నోట ఆ యాస విని అత్త చేతిలో పని ఆపింది. గోడ అవతలి ఇంటివైపు ఒకసారి చూసి, నావైపు తిరిగింది. చచ్చినవాళ్లు ఎక్కడికీ వెళ్లరని, ఎక్కణ్ణుంచీ రారని ఊరూరా చెప్పి తిరిగినవాణ్ణి నేనని ఆవిడకు బాగా తెలుసు.

“ఎందుకురా అలగన్నావు?” అంది.

పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

“పరిశీలనలో ఉన్నాదత్తా,” అన్నాను.